పురట్టాసి నెలలో కలిపిన మైనం

మైనం గురించి నన్ను కదిలిస్తే ఆపడం కష్టం. నా భార్యకు ఈ సంగతి తెలుసు కాబట్టి చుట్టాల ముందు ఆ మాట రానివ్వదు. మలేషియాలో సుంగై పెటాని ఊరి బయట ఒక షూటింగ్ క్లబ్బులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. తుపాకులు శుభ్రం చేయడం, చిరిగిన గురి కాగితాలు మార్చడం, సభ్యుల సాధన కోసం సీసం కరిగించి గుండ్లు పోయడం, వాటికి మైనం పట్టించడం నా పనులు. క్లబ్బుకు కావలసిన అనుమతులన్నీ ఉండేవి. తుపాకి మందూ తూటాలూ తాళం వేసిన గదిలో ఉండేవి, తాళంచెవి మేనేజరు నడుముకు వేలాడేది. అక్కడ పూర్తిగా నాదని చెప్పుకోగలిగింది ఒక్క మైనమే.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సీసం గుండుకు నడుం చుట్టూ సన్నటి గాడి ఉంటుంది. ఆ గాడిలో మైనం నింపాలి. నింపకపోతే గుండు తుపాకి గొట్టంలోంచి పోయేటప్పుడు సీసం గొట్టానికి అంటుకుని, నాలుగు రోజుల్లో గొట్టం పాడవుతుంది. చలి దేశాల్లో ఏ మైనం పెట్టినా చెల్లుతుంది. మా దగ్గర చెల్లదు. మధ్యాహ్నం రేకుల కప్పు కింద గాలి ఆడని గదిలో మెత్తటి మైనం కరిగి, గుండు వెనకవైపుకు కారి, తూటాలో ఉన్న మందును తడిపేస్తుంది. జిడ్డు తగిలిన మందు సరిగ్గా మండదు. తుపాకి పేలుతుంది కానీ నీరసంగా పేలుతుంది, గుండు గురికి కిందుగా పోయి తగులుతుంది. జిడ్డు మరీ ఎక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా వెనకే ఇంకోటి కాలిస్తే గొట్టం పగిలి, కాల్చినవాళ్ళ చెయ్యే పోవచ్చు.

నేను చేరిన కొత్తలో విదేశాల నుంచి తెప్పించిన నీలం రంగు మైనం కడ్డీలు వాడేవాళ్ళు. ఏప్రిల్ వచ్చేసరికి అవి పెట్టెలోనే పాకంలా కారేవి. మా మేనేజరు రిటైరైన చీనా పెద్దాయన, మాటలు తక్కువ మనిషి. ఒకరోజు ఆ పెట్టె నా ముందు పెట్టి, "నువ్వే ఏదో ఒకటి చూడు" అని వెళ్ళిపోయాడు. నాకు అంతకుముందు ఎవరూ ఏదీ అలా అప్పగించలేదు. ఆ రోజు నుంచి మైనం నా పిచ్చి అయింది.

పాల డబ్బాల మూతలు ఏరి తెచ్చి, ఒక్కో మూతలో ఒక్కో రకం కలిపి పోసి, మిట్టమధ్యాహ్నం రేకుల మీద పెట్టేవాణ్ణి. గంట తరవాత నిచ్చెన ఎక్కి బొటనవేలి గోరుతో నొక్కి చూసేవాణ్ణి. కొవ్వొత్తి మైనం గట్టిగా ఉంటుంది కానీ పెళుసు, గాడిలోంచి పెంకుల్లా రాలిపోతుంది. కొబ్బరినూనె కలిపితే మూతలో చెరువే. పామాయిలు కలిపితే పైన చెమట పడుతుంది. అడవి తేనె అమ్మే మలయ్ పెద్దమనిషి మోటారుసైకిలు మీద తెచ్చే తేనెతుట్టె మైనం అన్నిటికంటే మంచిది, అయితే దానికి కాస్త మెత్తదనం ఇచ్చేది ఏదో కావాలి. చివరికి దొరికింది మేక కొవ్వు. కసాయి కొట్టు నుంచి తెచ్చి పెరట్లో కాచి వడపోశాను. ఆ వాసనకి అమ్మ నన్ను మూడు రోజులు వంటింట్లోకి రానివ్వలేదు. కానీ ఆ కలగలుపు ఎండకు లొంగలేదు. రేకు మీద గంటసేపు కాలినా గోటికి మెత్తగా తగిలేది తప్ప కారేది కాదు. దాన్ని ఆరేళ్ళు వాడాం, ఒక్క సభ్యుడు కూడా మాట అనలేదు. నాకు గర్వం వచ్చింది. మైనం కలిపేటప్పుడు ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాణ్ణి కాదు.

మా చెల్లి నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి వెళ్ళేది. శనివారాలు సెలవు దొరికితే క్లబ్బుకు వచ్చి స్కోర్లు రాసిపెట్టేది. ఒకరోజు సభ్యురాలైన ఒక పెద్దావిడ సరదాగా తన రివాల్వరు దాని చేతిలో పెట్టి, ఎలా నిలబడాలో చూపించింది. చెల్లి ఐదు గుండ్లు కాల్చింది. నేను కాగితం తేవడానికి వెళ్ళి, చిల్లులన్నీ ఒకచోటే కలిసిపోయి ఉండడం చూసి, రెండు మూడు తగల్లేదేమో అనుకున్నాను. దగ్గరికి పెట్టుకుని లెక్కపెడితే ఐదూ ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే అది తుపాకి కింద పెట్టేసి, ఏదో తప్పు చేసినదానిలా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది.

ఆ తరవాత మేనేజరే దాన్ని పిలిచి నేర్పించడం మొదలుపెట్టాడు. క్లబ్బు సభ్యత్వం ఇప్పించాడు. నాన్న ఒకసారి చూడ్డానికి వచ్చాడు. నాన్న నలభై ఏళ్ళు తోటలో రబ్బరు చెట్లు గీసిన మనిషి. బెరడు మీద కత్తి ఎంత లోతు దిగాలో అంతే దిగాలి, వెంట్రుకవాసి ఎక్కువైతే చెట్టుకు గాయం. తోట పోయి ఇళ్ళు వచ్చినా, మనుషుల్ని చేతులు చూసి అంచనా కట్టే అలవాటు ఆయనకు పోలేదు. అద్దం వెనకాల నిలబడి గంటసేపు చూసి బయటికి వచ్చాడు.

"తుపాకీ నానేటి సూస్తాన్రా, దాని మణికట్టు సూసినాను" అన్నాడు. "సెట్టు గీసినట్టే ఉంది లా. కదల్లేదు." ఆ ‘లా’ ఇక్కడి మలయ్ గాలికి మా మాటల చివర అంటుకున్నది.

మర్నాటి నుంచి కాఫీ కొట్టులో ఆయనకు వేరే మాట లేదు. వినేవాళ్ళు లేచిపోతుంటే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి మరీ చెప్పేవాడు.

రెండేళ్ళు గడిచాయి. జాతీయ జట్టులోకి ఆడపిల్లల్ని ఎంపిక చేస్తున్నారని కబురు వచ్చింది. కౌలాలంపూర్ దగ్గర ఒక షూటింగ్ రేంజిలో ఒక్కరోజు పోటీ. అందులో నెగ్గితే జట్టు చొక్కా, శిక్షణ, ఆ పైన ఆటల కోటాలో ఉద్యోగం వచ్చే అవకాశం. చేతితొడుగుల ఫ్యాక్టరీలో రోజంతా ఆ వేడి, ఆ రబ్బరు పొడి పీల్చే బతుకు నుంచి అది బయటపడుతుందని మా అందరికీ ఆశ. దాని ఆశ మాత్రం వేరే. ఒకరోజు బస్సు కోసం నిలబడి ఉంటే చెప్పింది.

"అన్నా, నాకు సదువు రాలేదు. పాట రాలేదు. అడక్కండా వచ్చింది ఇదొక్కటే. ఇది కూడా నాది కాదని ఎవులైనా అంటే ఏటైపోతానో అని బయ్యం."

"ఎవులంటారే? నీ సెయ్యి సూసినోడు ఎవుడూ అనడు" అన్నాను.

ఆ ఏడు ఎంపిక పోటీ పురట్టాసి నెలలో పడింది. పురట్టాసి తమిళుల నెల పేరు. ఇక్కడ మా తెలుగువాళ్ళం కూడా పాటిస్తాం. ఆ నెల మాంసం మానేసి, శనివారాలు వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాం. నిజం చెప్పాలంటే నేను శనివారాలు తప్ప మిగతా రోజుల్లో కోడికూర వదిలే రకం కాదు. కానీ ఆ ఏడు చెల్లి కోసం మొక్కుకున్నాను. దాన్ని జట్టులోకి తీసుకుంటే చాలు, నెలంతా మాంసం తినడం కాదు, చేత్తో కూడా ముట్టనని గుడిలో నిలబడి అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొక్కు పైకి చెబితే పలచబడుతుందని నా నమ్మకం.

పోటీకి పది రోజుల ముందు కొత్తగా గుండ్లు పోశాం. పాత మైనం డబ్బా అడుగంటింది. అరమీద మూత పెట్టిన గాజు సీసాలో మేక కొవ్వు ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నాతో పనిచేసే మలయ్ కుర్రవాణ్ణి పిలిచి, ఈ కొవ్వు తీసి కలిపి పెట్టమంటే ఐదు నిమిషాల్లో చేసేవాడు. నేను పిలవలేదు. చెల్లి కాల్చే గుండ్లకు మైనం ఇంకొకడు కలపడమా అనుకున్నాను. ఆరేళ్ళుగా పెంచుకున్న గర్వం అది.

అప్పటికి నా టిఫిను డబ్బాలో గుడిలో పూజారిగారు ఇచ్చిన నెయ్యి ఉంది, స్వామి దీపానికి వాడగా మిగిలింది. కొవ్వుకు బదులు అది కలిపాను. నెయ్యి ఎంత వేడికి కరుగుతుందో నాకు తెలియదా? అందరికంటే బాగా తెలుసు. కొంచెమే కదా అనుకున్నాను. స్వామి దీపంలోది కదా, మేలే చేస్తుంది అని కూడా అనుకున్నాను. అలా అనుకున్న అప్పటి నేను ఇప్పుడు ఎదురుపడితే చెంప పగలగొట్టాలని ఉంటుంది.

అలవాటు ప్రకారం మూతలో పోసి రేకు మీద పెట్టాను. ఆ వారమంతా ముసురు. ఎండ ముఖం చూడలేదు. మూడు రోజులు పెట్టి, మూడు రోజులూ వానకు తడవకుండా తీసి, గోటితో నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. ఎండలో చూడని పరీక్ష పరీక్షే కాదని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. వాళ్ళను నోరు మూయించి, గుండ్లన్నిటికీ ఆ మైనమే పట్టించాను. మేనేజరు తూటాలు కట్టించి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

పోటీ రోజు తెల్లారకముందే క్లబ్బు వ్యానులో బయలుదేరాం. మేనేజరు, చెల్లి, నేను. నాన్నకు దూరప్రయాణం పడదని ఇంట్లోనే ఉండమన్నాం. రేంజికి చేరేసరికి ఎండ పేలిపోతోంది. ఆ పది రోజుల్లో అదే మొదటి ఎండ. ఏదో ఆలస్యం వల్ల చెల్లి వంతు పదకొండు నుంచి రెండింటికి మారింది. తూటాల పెట్టె వ్యాను వెనక తాళంలోనే ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి. వ్యాను నీడలో లేదు.

ఆ మూడు గంటలూ నేనేం చేశానో చెప్పాలి. క్యాంటీనులో సేమ్యాలు వేయించి ఇచ్చే ఆవిణ్ణి, ఈ మూకుట్లో రొయ్య గాని కోడి గాని తగిలిందా అని మూడుసార్లు అడిగాను. ఆవిడ విసుక్కుంది. నేను పట్టుబట్టి మూకుడు కడిగించాను. మొక్కు చెడకుండా తిన్నానని తృప్తిగా చెయ్యి కడుక్కున్నాను. నాకు వ్యాను గుర్తే రాలేదు.

రెండింటికి చెల్లి నిలబడింది. నేను వెనక అద్దం గదిలో కూర్చున్నాను. మొదటి గుండు సరిగ్గానే పేలింది. రెండోదీ అంతే. మూడోది పేలినప్పుడు చప్పుడు పలచగా వచ్చింది. చెవులకు మఫ్‌లు పెట్టుకున్నవాళ్ళకు ఆ తేడా తెలియదు, నాకు తెలిసింది. రోజూ ఆ చప్పుడు వింటూ బతికినవాణ్ణి. చిల్లు బాగా కిందికి పడింది. చెల్లి తల వంచి తన మణికట్టు చూసుకుంది.

తూటాల మీద అనుమానం వస్తే చెయ్యెత్తి చెప్పవచ్చు. ఆపి, పరీక్షించి, వేరే తూటాలు ఇస్తారు. నాకు ఆ నియమం తెలుసు. చెయ్యెత్తితే పెట్టె విప్పుతారు, మా క్లబ్బు తూటాల్లో నెయ్యి కారుతోందని నలుగురిలో తేలుతుంది, మేనేజరు ముఖం చూడలేను, నా పేరు పోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో వచ్చాయి. తరవాతిది సరిగ్గా పేలుతుందిలే అనుకున్నాను. తరవాతిది సరిగ్గానే పేలింది. అందుకే ఇంకా కూర్చున్నాను. ఆ తరవాత రెండు నీరసంగా పేలాయి. ఒక గుండు గొట్టంలో ఉండిపోతే నా చెల్లి చెయ్యి పోతుందని తెలిసి కూడా కూర్చున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

చెల్లి చివరిదాకా కాల్చింది. చిల్లులు పైనుంచి కిందికి జారుడుబల్ల మీద పడ్డట్టు పడ్డాయి. చూడ్డానికి వచ్చిన శిక్షకుడు ఒకాయన కాగితం చూసి, "మణికట్టు నిలవడం లేదు, ఒత్తిడికి దిగిపోతోంది" అని పైకే అంటూ రాసుకుని పోయాడు. మేనేజరు దాని భుజం మీద ఒకసారి తట్టాడు.

వ్యానులో చెల్లి కిటికీ పక్కన కూర్చుంది. సగం దారిలో ఈపో ఊరు దాటాక నోరు విప్పింది.

"సెయ్యి దిగిపోయిందన్నా. నాకే తెలవలేదు. నేను గట్టిగానే పట్టినాననుకున్నాను."

"పరవాయిల్ల లా" అన్నాను. "ఇంకో ఏడుంది కదా."

"దిగిందని తెలిస్తే సరిసేసుకోవచ్చు. తెలవకండా దిగిపోతే ఏటి సేస్తాను?"

నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆ రివాల్వరు శుభ్రం చేశాను. గొట్టంలో మండకుండా మిగిలిన మందు జిడ్డులో గింజలు గింజలుగా అంటుకుని ఉంది. మిగిలిన పదహారు తూటాలు విప్పి చూస్తే, తొమ్మిదిటిలో మందు పసుపుపచ్చగా ముద్దకట్టింది. వాసన చూశాను. గుడి వాసన వచ్చింది. అవి వానకు చెమ్మగిల్లాయని మేనేజరుకు చెప్పి, పనికిరాని తూటాల పెట్టెలో పడేయించాను. ఆయన నా ముఖంలోకి ఒక్కసారి చూసి సంతకం పెట్టాడు. ఆయనకు తెలుసేమో అని ఇప్పటికీ అనుమానం. పురట్టాసి అయిపోగానే మళ్ళీ మేక కొవ్వు కలిపాను. క్లబ్బులో ఎవరూ ఏ తేడా గమనించలేదు.

చెప్పేద్దామనే అనుకున్నాను. మొదటి వారం ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రెండో వారం, చెల్లి మళ్ళీ క్లబ్బుకు వస్తుంది, రెండు గుండ్లు సరిగ్గా పడితే అన్నీ మరచిపోతుంది అనుకున్నాను. అది రాలేదు. మేనేజరు ఇంటికి వచ్చి పిలిచినా రాలేదు. "వద్దు అంకుల్, ఒక్కసారి సాలు" అంది. ముగ్గులు వెయ్యడం మానేసింది. మా గుమ్మం ముందు ముగ్గు దాని చేతిదే, చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతలో వేసేది. ఆ తరవాత అమ్మ వేసేది. కాగే చారు గిన్నె దించాల్సి వస్తే చెల్లి ఎవరినో ఒకరిని పిలిచేది. అందరం ఆ పిలుపుకు అలవాటుపడ్డాం. నేనే వెళ్ళి దించేవాణ్ణి.

నాన్న మాత్రం అలవాటుపడలేదు. అది షిఫ్టు నుంచి వచ్చే వేళకు గిన్నెలో ఆముదం గోరువెచ్చగా కాచి గుమ్మంలో కూర్చునేవాడు. "రావే గుంటా, బేగి రా" అని పిలిచి, దాని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని మోచేతి నుంచి వేళ్ళ చివర్ల దాకా మర్దన చేసేవాడు. అప్పటికే వయసు వల్ల నాన్న చేతులు కొద్దికొద్దిగా వణుకుతున్నాయి. అయినా మానలేదు. నరం ఎక్కడో పట్టేసింది, ఇలా చేస్తే వదులుతుంది అనేవాడు. అది కళ్ళు మూసుకుని చెయ్యి అప్పగించి కూర్చునేది. నేను అదే గదిలో కూర్చుని పేపరు చదివేవాణ్ణి. ఏ నరమూ పట్టలేదని తెలిసిన మనిషి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. రోజూ, ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ణి. రోజులు పోయేకొద్దీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు కూడా చెప్పాల్సి వచ్చేది. అది మొదటి తప్పు కంటే పెద్దదైపోయింది.

రెండేళ్ళకు నాన్న పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో పగలంతా చెల్లి కూర్చునేది, సాయంత్రం నేను వెళ్ళేవాణ్ణి. ఆ ఏడాది తిరిగాక దానికి పెళ్ళయింది. మా బావ క్లాంగ్ పట్నంలో ఒక గిడ్డంగిలో పనిచేస్తాడు, నెమ్మదైనవాడు. వాళ్ళకు ఒక కూతురు. ఆ పిల్ల పుట్టినప్పుడు చూడ్డానికి వెళ్తే, చెల్లి బిడ్డను ఎడమచేత్తోనే ఎత్తుకుంది. కుడిచేతికి మార్చుకోవే, నడుం నొప్పి పుడుతుంది అని వాళ్ళత్తగారు అంటే నవ్వి ఊరుకుంది. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చి, పిల్ల చేతిలో కానుక పెట్టి ఇంటికి వచ్చేశాను. నోరు మాత్రం తెరవలేదు.

ఈ ఏడు బడి సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున క్లాంగ్ వెళ్ళాను. బావ పనికి వెళ్ళాడు. చెల్లి వంటింట్లో ఇడ్లీలు పెడుతోంది. మేనకోడలికి ఇప్పుడు ఏడేళ్ళు. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులన్నీ మలయ్‌లోనో ఇంగ్లీషులోనో వస్తాయి. మామయ్యకు కాఫీ నేనిస్తానని పట్టుబట్టి, గ్లాసు రెండు చేతులా పట్టుకుని వచ్చింది. నా దగ్గరికి రెండడుగుల దూరంలో గ్లాసు ఒలికి, కాఫీ నేల మీద పడింది. ఏడేళ్ళ పిల్ల అన్నాక ఒలకదా? ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

చెల్లి గుడ్డ తెచ్చి తుడిచింది. కోప్పడలేదు. పిల్లను దగ్గరికి తీసుకుని, దాని కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎంతో ప్రేమగా చెప్పింది.

"నీ తప్పు కాదమ్మా. తాత సెయ్యి అలాటిదే, అమ్మ సెయ్యి అలాటిదే. మన యింటి సెయ్యి నిలవదు. ఏటైనా పట్టుకుంటే సూసుకోవాలి, అంతే లా."

పిల్ల ఏడుపు ఆపి తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఆ రోజు రేంజిలో వాళ్ళమ్మ మణికట్టు చూసుకున్నట్టే చూసుకుంది.

అక్కడితో నా వల్ల కాలేదు. పిల్లను మెట్లు దిగి కింద ఆడుకొమ్మని పంపించాను. చెల్లిని కూర్చోమన్నాను. రాతలో ఇంత నిలకడగా చెబుతున్నాను గానీ, నోటితో చెప్పినప్పుడు ముందుది వెనకా వెనకది ముందూ అయింది. మొక్కు గురించి చెప్పాను. నెయ్యి గురించి, ముసురు గురించి, వ్యాను గురించి చెప్పాను. మూడో గుండు చప్పుడు గురించి కూడా దాచకుండా చెప్పాను.

"నీ సెయ్యి దిగలేదే" అన్నాను. "ఎప్పుడూ దిగలేదు. నానే దించేసినాను."

చెల్లి లేచి వెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చి కూర్చుంది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందని కూడా అనుకున్నాను. కొడితే బాగుండునని ఉంది.

"ఎన్ని తూటాలు పాడైనాయి?" అని అడిగింది.

"మిగిలిన పదహారులో తొమ్మిది."

"అవి సూసినప్పుడే నీకు తెలిసిపోయిందా?"

"నువ్వు కాలుస్తుండగానే తెలిసింది."

తల ఊపింది.

"నాన్నకి తెలుసా?"

"తెలవదు. ఎవులికీ సెప్పలేదు."

అప్పుడు దాని ముఖం మారింది. అంతవరకూ అది నా మాటల్ని తన గురించి వింటోందనుకున్నాను. కాదు.

"ఆస్పత్రిలో ఆకరి రోజు నాన్న నాతో ఏటన్నాడో నీకు తెలుసా అన్నా? నువ్వు అప్పటికింకా రాలేదు. నా సెయ్యి పట్టుకున్నాడు. నా సేతుల్లో వణుకు నీకిచ్చేసినాను బిడ్డా, నీ బతుకు పాడుసేసినాను, నన్ను సమించు అన్నాడు. వద్దు నాన్నా, అలా అనకు అన్నాను. ఊరుకోలేదు. సమించినానని సెప్పు, సెప్పు అని ఏడిసినాడు." తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "సమించినాను నాన్నా అని సెప్పినాను. అప్పుడు గానీ సెయ్యి ఒగ్గలేదు. ఏ తప్పూ సెయ్యని మనిసిని సమించి పంపించినాను అన్నా నేను."

నాన్న ఆ మాట అన్నాడని నాకు తెలియదు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. ఏ దిగులూ లేకుండా పోయాడని వచ్చినవాళ్ళందరికీ నేనే చెప్పాను.

"నన్ను సమించవే" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు, వచ్చేసింది.

చెల్లి నా వైపు చూసింది. కోపం లేదు. అలసిపోయిన మనిషిలా ఉంది.

"ఎలా సమించమంటావు? ఈ తప్పుకి నాన్న ఎప్పుడో అడిగేసినాడు, నేనిచ్చేసినాను. ఎల్లి ఆయన దగ్గిర అడుగు."

కింద పిల్ల ఎవరితోనో నవ్వుతూ మలయ్‌లో మాట్లాడుతోంది. చెల్లి లేచి, ఇడ్లీ గిన్నె కుడిచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టింది, నాకు పళ్ళెం వేసింది. నేను తినలేకపోయాను.